ఏడుకు బదులు ఆరున్నొకటి

లెక్కల మాస్టరుగా కొత్తగా చేరబోయేవాళ్ళకు ముందే ఒక మాట. ఈ ఉద్యోగంలో నేను మింగిన సుద్దపొడిని తిరిగి కక్కించగలిగితే, తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా రైలుకట్టకు రెండు వైపులా సున్నం కొట్టి, మిగిలింది అరక్కోణం వాళ్ళకు దానం చెయ్యవచ్చు. అందుకే యాభై దాటగానే నా గొంతు రాజీనామా ఇచ్చేసింది. గొంతు లేని మాస్టరు బడిలో తిరుగుతుంటే గంట కొట్టే ప్యూనుకు అవమానమని దాని వెనకే నేనూ స్వచ్ఛందంగా దిగిపోయాను. నడివయసులో రిటైరైనవాణ్ణి కాబట్టి నా దగ్గర జ్ఞానం తక్కువ, తీరిక ఎక్కువ.

ఇంక్రిమెంట్లు, ఇన్‌స్పెక్షన్లు, బదిలీ ఆర్డర్ల గురించి చెప్పను. అవి జలుబులాంటివి, అందరికీ ఒకేలాగ వచ్చి పోతాయి. ఒకే ఒక్క లెక్క గురించి చెబుతాను. ఎనిమిదో తరగతి పిల్ల కూడా చెయ్యగల లెక్క. దాని మీద ఒక అమ్మాయి చదువు నిలబడి ఉండింది, దాని మీదే పడిపోయింది. నేను పక్కనే ఉన్నాను. నవ్విస్తాడు కదా అని చదవడం మొదలుపెట్టినవాళ్ళు ఉంటే, మొదటి సగంలోనే నవ్వేసుకోండి. రెండో సగంలో నా దగ్గర సరుకు లేదు.

గీత దాటితే గుర్తు మారును

సమీకరణం అంటే తక్కెడలాంటిదని ట్రైనింగులో నేర్పారు. ఆ తక్కెడ పట్టుకుని తిరువళ్ళూరులో రెండేళ్ళు పాఠం చెప్పాను. పిల్లలకు తక్కెడ బొమ్మ గీయడం బ్రహ్మాండంగా వచ్చింది, లెక్క రాలేదు. తర్వాత తిరుత్తణిలో తెలుగు మీడియం సెక్షనుకు వేశారు. అక్కడ తక్కెడను అవతల పారేసి ఊరినే పాఠంగా పెట్టుకున్నాను.

"ఒరే, మన తిరుత్తణి మొన్న మొన్నటి దాకా ఆంధ్రలో ఉండె. ఇప్పుడు తమిళనాడులో ఉంది. ఊరు కదిలిందా?"

"లేదు సార్!"

"కొండ కదిలిందా? కొండ మీద సామి కదిలినాడా?"

"లేదు సార్!"

"గీత కదిలింది. గీత అవతల పడేసరికి బస్సు బోర్డులన్నీ మారిపోయినాయి. అట్లనే, ఈ మైనస్ ఎనిమిది సమాన గుర్తు దాటి అవతలికి పోతే ఏమవుతుంది?"

"ప్లస్ ఎనిమిది సార్!"

వెనక బెంచీలోంచి ఒక ఘనుడు లేచి, "సార్, అయితే మనం ఇప్పుడు ప్లస్సా, మైనస్సా?" అన్నాడు. ఏటేటా మా సెక్షన్లో ఒక బెంచీ ఖాళీ అవుతూ పోవడం చూస్తే మైనస్సే అనిపించేది.

లెక్క సాధించడం సగం పని. వచ్చిన విలువను తీసుకుపోయి మొదటి సమీకరణంలో x ఉన్న చోట పెట్టి, రెండు వైపులా సరిపోయిందో లేదో చూడాలి. దీన్ని పుస్తకంలో 'ప్రతిక్షేపించి సరిచూడుము' అంటారు. ప్రతిక్షేపించడం అనే మాటను తప్పు లేకుండా పలికిన పిల్లవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. ఒకడు పలకబోయి నాలుక కరుచుకున్నాడు, నెత్తురొచ్చింది. అందుకని మేమందరం దాన్ని 'పెట్టి చూసేది' అనుకునేవాళ్ళం. తమిళం ఎక్కువ అలవాటైనవాళ్ళు 'పోట్టు పారు' అనేవాళ్ళు. పెట్టి చూస్తే రెండు వైపులా సరిపోవాలి. సరిపోకపోతే జవాబు తప్పు. పుస్తకంలో ఉన్నదీ ఇదే, నేను చెప్పిందీ ఇదే.

లాభం, రెండు, మూడు

ఆ సెక్షన్లో రత్నమ్మ అనే పిల్ల ఉండేది. మనిషి సన్నం. గాలి గట్టిగా వీస్తే పుస్తకాల సంచిని పట్టుకుని నిలబడేదో, సంచే ఆమెను పట్టుకుని నిలబెట్టేదో చెప్పలేం. లెక్కల్లో మెరుపు కాదు. నెమ్మదిగా, ఎద్దుబండి పోయినట్టు పోయి ఊరు చేరుకునే రకం. టీచర్ ట్రైనింగుకు పోవాలని ఆమె కోరిక. దానికి ముందు ఎస్సెల్సీ పాస్ కావాలి.

వాళ్ళ నాయన చెంగల్రాయుడు. తిరుత్తణి పక్క పల్లెలో సేద్యం. చుట్టుపక్కల ఎవరి కళ్ళంలో వేరుశనక్కాయలు కొలవాలన్నా చెంగల్రాయుణ్ణే పిలిచేవాళ్ళు. ఆయన కొలిచేటప్పుడు నేనొకసారి చూశాను. కొలిచే పడిని కాయల రాశిలో ముంచి, తల కొట్టి, పాట పాడినట్టు లెక్కపెడతాడు. "లాభం... రెండు... మూడు..." ఒకటి అనడు. మొదటి పడికి లాభం అనే అనాలి. అట్లా ఆరు దాకా వచ్చి, "ఆరున్నొకటి" అని, "ఎనిమిది" లోకి దూకుతాడు. ఏడు అనే మాట ఆయన నోట రాదు. ఏడు అంటే ఏడవమన్నట్టు. కళ్ళంలో నిలబడి పంటను ఏడవమంటారా ఎవరైనా?

ఆ అలవాటు కూతురికి పాలతో పాటు వచ్చింది. క్లాసులో జవాబు ఏడు అయితే బోర్డు మీద, పేపరు మీద ఏడే వేసేది. నోటితో మాత్రం "ఆరున్నొకటి సార్" అనేది. క్లాసంతా గొల్లుమనేది. పక్క పిల్లలు "రత్నమ్మా, నీకెన్నేళ్ళప్పుడు బళ్ళో వేసినారే?" అని కావాలని అడిగి, ఆమె చేత ఆరున్నొకటి అనిపించుకుని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. పదిహేడును ఏమంటావమ్మా అని అడిగితే, "అది వేరే సార్, దాంట్లో పది తోడుంది" అంది. ఇంత బలమైన నిరూపణ నేను బి.ఎస్సీ.లో కూడా చదవలేదు.

ఎస్సెల్సీ ఏడాది సగంలో రత్నమ్మ అక్క ధనమ్మ పురిట్లో పోయింది. ఆడబిడ్డను కని, జ్వరం తగిలి, లేవలేదు. ఆమె భర్త దామోదరానికి ఆవడి ఫ్యాక్టరీలో ఉద్యోగం. మంచివాడు. కర్మకు వచ్చిన బంధువులు విస్తళ్ళ ముందు కూర్చునే మాట కలిపేశారు. అప్పుడు నేనక్కడే ఉన్నాను. ఒక పెద్దామె, "ఇంకేముండాది, అక్క జాగాలో చెల్లిని పెడితే సరిపోతాది" అంది. పక్కామె, "బయటిదొస్తే బిడ్డను చూస్తాదా?" అంది. అందరూ తల ఊపారు. రెండు వైపులా సరిపోయినట్టే ఉంది. రత్నమ్మ ఆ పాపను ఒళ్ళో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

నేను అడిగాను, ఆమెను కాదు, వాళ్ళ నాయనను. "చెంగల్రాయుడన్నా, పిల్ల పరీక్ష రాయనీ. తర్వాత ఏమైనా చేసుకో."

ఆయన విస్తరి మడిచి, "సరే అయ్యోరా. బడోళ్ళు పెద్ద పరీక్షకు పంపిస్తామంటే, అల్లుడి కాళ్ళు పట్టుకోనైనా ఆపుతా. పంపేది లేదంటే మాత్రం నన్ను ఇంకేమీ అడగొద్దు" అన్నాడు.

హెడ్మాస్టరు గది

మా హెడ్మాస్టరు దొరసామి నాయుడుగారు లెక్కల మనిషి. ఆయన మీసం అరక్కోణం జంక్షనులో రైలు పట్టాల్లాగ ముక్కు కింద కలిసి, రెండు దిక్కులకు విడిపోయేది. ఆయనకు కోపం వస్తే తమిళం, ఇంకా కోపం వస్తే ఇంగ్లీషు, దుఃఖం వస్తే తెలుగు. అందుకని ఆయన తెలుగు వినాలని మేమెవరం కోరుకునేవాళ్ళం కాదు.

పబ్లిక్ పరీక్షకు ముందు బడిలో సెలక్షన్ పరీక్ష ఉండేది. అందులో గట్టెక్కినవాళ్ళనే పెద్ద పరీక్షకు పంపేవాళ్ళు. అంచున నిలబడ్డవాళ్ళకు దొరసామి నాయుడుగారు సొంతంగా ఒక పద్ధతి పెట్టారు. పిల్లవాణ్ణి, ఇంటి పెద్దను, ఆ సబ్జెక్టు మాస్టరును గదికి పిలిచి, బోర్డు మీద ఒకే ఒక్క లెక్క ఇస్తారు. చేస్తే పరీక్షకు. లేకపోతే వచ్చే సంవత్సరానికి. న్యాయంగా ఆయన సుళువైన లెక్కే ఇచ్చేవారు. పంపాలనే ఆయన కోరిక కూడా. కానీ ఆయన ముందు మాస్టరు నోరు తెరవకూడదు. ఆ నియమం మీద ఆయన ప్రాణం ఇస్తారు, అవసరమైతే మాది తీసుకుంటారు.

రత్నమ్మ అంచున నిలబడింది. అక్క పోయాక రెండు నెలలు పాపను పెట్టుకుని చదివితే అంచున నిలబడటమే ఘనకార్యం.

ఆ మధ్యాహ్నం గది దగ్గర నలుగురం. దొరసామి నాయుడుగారు కుర్చీలో. నేను కిటికీ పక్కన. చెంగల్రాయుడు గడప అవతల చెప్పులు విడిచి, భుజం మీది టవలు తీసి చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. రత్నమ్మ బోర్డు ముందు. హెడ్మాస్టరు లేచి తానే రాశారు.

5x − 8 = 2x + 13

"సాధించు. పెట్టి చూడు. అంతే అమ్మా" అన్నారు, అంత మెత్తగా ఆయన మాట్లాడడం అదే మొదటిసారి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ లెక్క ఆమె నిద్రలో చేస్తుంది.

చేసింది కూడా. రెండు xలను అటు నుంచి ఇటు దాటించింది, గుర్తు మార్చింది. ఎనిమిదిని ఇటు నుంచి అటు దాటించింది, గుర్తు మార్చింది. 3x = 21. తర్వాత x = అని రాసి, ఆగింది.

ఆగి, వాకిలి వైపు చూసింది. చెంగల్రాయుడు బోర్డు వైపే చూస్తున్నాడు. ఆయనకు చదువు రాదు, కానీ అంకెలు వచ్చు. కొలిచేవాడికి అంకెలు రాకుండా ఎట్లా? ఆయన ఇంట్లో ధనమ్మ పోయినప్పటి నుంచి ఆ అంకెను పలకకపోవడమే కాదు, గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ వచ్చిందంటే పొద్దున్నే చించి పారేస్తున్నారట. ఇది నాకు తర్వాత తెలిసింది. క్లాసులో ఎప్పుడూ తడబడని ఆ చెయ్యి నాయన చూస్తుండగా ఆ అంకె వెయ్యలేకపోయింది.

x = 6 + 1 అని రాసింది.

హెడ్మాస్టరు ఒక కనుబొమ్మ పైకెత్తి, "తప్పు లేదు. మేల పో" అన్నారు. ముందుకు పొమ్మని.

రత్నమ్మ ఎడమవైపు x తీసేసి, దాని చోట ఆరున్నొకటి పెట్టింది. ఎట్లా ఉన్నదాన్ని అట్లాగే పెట్టింది. 5 × 6 + 1 − 8. చుట్టూ బ్రాకెట్ వెయ్యలేదు. అయిదు ఆరును మాత్రం గుణించింది, ఆ పక్కనున్న ఒకటి అనాథలా నిలబడిపోయింది. నేను నోరు తెరిచాను. ఇంకా శబ్దం రాలేదు, నాలుక లేచిందంతే.

"సుమ్మా ఇరుంగో సార్!" హెడ్మాస్టరు ఊరుకోమని చెయ్యెత్తారు. కిటికీ మీది పిచ్చుక కూడా నోరు మూసుకుంది.

ఎడమవైపు ఇరవై మూడు వచ్చింది. కుడివైపు 2 × 6 + 1 + 13 చేస్తే ఇరవై ఆరు. రత్నమ్మ రెండింటినీ చూసింది. మొదటి నుంచి ఒక్కొక్క మెట్టూ వేలితో తడుముతూ దిగివచ్చింది. సాధించిన దాంట్లో తప్పు కనపడలేదు, ఉంటే కదా కనపడటానికి. తడిగుడ్డ తీసుకుని అంతా తుడిచింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ 3x = 21 దాకా వచ్చింది. అక్కడ నిలబడి, నాయనను చూసి, బోర్డును చూసి, ఈసారి అది కూడా తుడిచి, సుద్దముక్కను అంచు మీద పెట్టింది.

"రాదు సార్" అంది.

"బయటికి పో అమ్మా" అన్నారు హెడ్మాస్టరు.

ఆమె గడప దాటగానే నేను బోర్డు దగ్గరికి ఉరికాను. "సార్, ఆమె జవాబు సరైందే! ఇదిగో, బ్రాకెట్ పెడితే చాలు. ఇటు ఇరవై ఏడు, అటు ఇరవై ఏడు!"

ఆయన శాంతంగా చూసి, "సరే సార్. మీరు పాసైనారు. మిమ్మల్ని పంపిస్తాను పరీక్షకు" అన్నారు.

"ఆమెకు జవాబు తెలుసు సార్."

"తెలిసినవాళ్ళు తుడవరు."

"భయంతో తుడిచింది."

"పబ్లిక్ పరీక్ష హాల్లో మీరు పక్కన నిలబడి ఆమెకు ధైర్యం అందిస్తారా? తను రాసిందాన్ని తనే తప్పన్నాక, నేనెవణ్ణి కాదనడానికి?" ఆ తర్వాత ఆయన వాకిలి వైపు తిరిగి తెలుగులోకి వచ్చారు. అప్పుడే నాకు అర్థమైంది, అయిపోయిందని. "చెంగల్రాయుడూ, మనసు కష్టపెట్టుకోకు. ఈ ఏడు కాదు. వచ్చే ఏడు చూద్దాం."

ఆ మాటకు చెంగల్రాయుడు చెంపదెబ్బ తిన్నట్టు అదిరాడు. హెడ్మాస్టరు సంవత్సరాన్నే అన్నారు పాపం. తెలుగులో దానికి వేరే మాట ఆయనకు ఆ క్షణంలో తోచలేదు.

నేను వరండాలో వెంటపడ్డాను. "అన్నా, ఒక్క సంవత్సరం ఆగు. మళ్ళీ రాస్తుంది. నేనే కూర్చోబెట్టి చెప్తాను."

"నేనాగుతా అయ్యోరా. పాపాగుతాదా? రేత్రి దానికి ఆకలేస్తే మీ యెక్సు వచ్చి పాలు పడతాదా?" టవలు భుజాన వేసుకున్నాడు. "పంపిస్తామని ఒక్క మాట అనుంటే, అల్లుడి ముందర నిలబడేదానికి నాకు కాళ్ళుండేవి. ఆ కాళ్ళు మీరే తీసేసినారు. అల్లుణ్ణి అనేదానికి లేదు, మిమ్మల్ని అనేదానికి లేదు. బిడ్డే తుడిచేసుకునిందే, కండ్లారా చూసినా కదా."

రత్నమ్మ దూరంగా కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు.

కుండలీకరణాలు

కొత్త మాస్టర్లకు ఇక్కడొక మాట చెప్పి పోతాను. బ్రాకెట్‌ను పుస్తకంలో కుండలీకరణం అంటారు. పేరు వింటే యోగాసనమని భయపడతారు పిల్లలు. అది ఆసనం కాదు, చెయ్యి చుట్టూ వెయ్యడం. ఒక విలువను దాని చోటు నుంచి పెరికి ఇంకో చోట పెట్టేటప్పుడు, దానిలో ఉన్నదంతా కలిసి వెళ్ళేట్టు పట్టుకోవాలి. లేకపోతే సగం గుణింపబడుతుంది, సగం వీధిన పడుతుంది. విలువ ఒకే అంకె అయినా సరే బ్రాకెట్ వేయించండి. ఆ లెక్కకు అవసరం లేదని పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

దొరసామి నాయుడుగారిని రాక్షసుడనుకోవద్దు. అంతకు ముందు ఏడాది ఆయన జాలిపడి పంపిన ఒక కుర్రవాడు పబ్లిక్‌లో తప్పి ఇల్లు విడిచి పోయాడు, మళ్ళీ కనపడలేదు. ఆ నియమం అప్పుడు పుట్టింది. నియమాలన్నీ ఇట్లాగే ఒకరి శవం మీద మొలిచి ఇంకొకరికి నీడనిస్తాయనుకుంటాం. కానీ పిల్ల ఎందుకు తుడిచిందని అడగని నియమం ఎంత న్యాయమైనా మంచిది కాదు. ఈ మాట ఆయనతోనే అన్నాను. ఆయన ఇంగ్లీషులో జవాబిచ్చారు, కాబట్టి ఇక్కడ రాయను.

పందిట్లో

పెళ్ళి కొండ కింద చిన్న సత్రంలో. చావు జరిగిన ఇల్లు కాబట్టి పందిరి పొట్టిగా వేశారు. పొట్టివాణ్ణి, నేనే వంగి లోపలికి పోవాల్సి వచ్చిందంటే అది మేకల కోసం వేసిన పందిరే అయ్యుండాలి. మేళం వాళ్ళకు కూడా గట్టిగా వాయించొద్దని చెప్పినట్టున్నారు. నాదస్వరం ముక్కుతో ఏడుస్తోంది. దామోదరం పీట మీద తల వంచుకుని కూర్చుని ఉన్నాడు, ఎవరి పెళ్ళికో సాక్షి సంతకం పెట్టడానికి వచ్చినవాడిలాగ.

లోపలి గదిలో రత్నమ్మకు బాసికం కట్టి చాప మీద కూర్చోబెట్టారు. పక్కన పాత చీరలో పాప నిద్రపోతోంది. దామోదరం తల్లి తాంబూలాలు సర్దుతోంది. నేను నాలుగు అక్షింతలు వేసి పోదామని గడపలో నిలబడ్డాను.

"సార్" అంది రత్నమ్మ. "ఆ లెక్క యాడ తప్పింది?"

చదివే మీకు ఇది చిన్న ప్రశ్న. ఎక్కడో తప్పిందిలేమ్మా అంటే, ఆమె తనకు లెక్కలు రావనుకుని పడి ఉంటుంది. రాని చదువు పోతే ఒక రకం దుఃఖం, వచ్చిన చదువు పోతే ఇంకో రకం. రెంటిలో ఏది ఇవ్వాలో ట్రైనింగులో చెప్పలేదు. కానీ ఆమె నన్ను అడిగింది దుఃఖం గురించి కాదు, లెక్క గురించి.

తాంబూలం తట్టలోని సున్నం వేలికి తీసుకుని, అక్కడున్న అరిటాకు మీద రాశాను. 5(6 + 1) − 8. అవతల 2(6 + 1) + 13. బ్రాకెట్లు కాస్త లావుగా వేశాను.

రత్నమ్మ ముందుకు వంగింది. బాసికం కళ్ళకు అడ్డం పడుతుంటే చేత్తో పైకెత్తి పట్టుకుంది. పెదాలు కదిలాయి. "ముప్పై అయిదులో ఎనిమిది పోతే... ఇరవై ఏడు. ఈ పక్క పద్నాలుగూ పదమూడూ... ఇరవై ఏడు."

"శుభమా అని పెండ్లయితా ఉంటే ఆ మాట్లేందే!" అంది దామోదరం తల్లి, ఆ అంకె చెవిన పడగానే.

"సరిపోయింది సార్" అంది రత్నమ్మ.

"సరిపోయిందమ్మా. మొదటిసారే సరిపోయింది."

ఆమె ఆకు వైపు ఇంకా కాసేపు చూసింది. "అయితే నేనే తుడుచుకున్నా" అంది. ఏడవలేదు. నాకు గొంతు పోవడం మొదలైంది ఆ రోజే అనుకుంటాను, డాక్టరు సుద్దపొడి అన్నాడు గానీ.

బయట మేళం ఒక్కసారి పైకి లేచింది. పీటల దగ్గర నుంచి ఎవరో కేక వేశారు. "ముహూర్తం దాటిపోతాది, బిడ్డను తీసుకు రాండమ్మా!"

ఆ సందడికి పాప ఉలిక్కిపడి లేచి గుక్కపెట్టింది. రత్నమ్మ దాన్ని ఎత్తి చంకన వేసుకుని నిలబడి, దామోదరం తల్లిని అడిగింది.

"యే బిడ్డను అత్తా?"